నువ్వు రాసినవి చాలు

శ్రీ దుర్గ తోడు

కులడాంగ,
ఆషాఢం 12వ తేదీ, రథయాత్ర రోజు

పుంటికి,

పెదనాన్న ఆశీర్వాదం. నీకూ, అల్లుడికీ, పిల్లలకీ. నేను బాగానే ఉన్నాను, ఎలా ఉన్నావని అడగకు.

ఇవాళ పటం చట్రానికి పూజ అయింది. వెదురు నేనే చీల్చాను. గుడ్డ రెండు పొరలు అంటించాను. ఇది నా చేతి నలభై తొమ్మిదో దుర్గ పటం. మొదటిది రాసినప్పుడు మా నాన్న పక్కన కూర్చుని తిడుతూనే ఉన్నాడు. ఇప్పుడు నన్ను తిట్టేవాడు లేడు, నేను తిడదామన్నా ఎవడూ లేడు. నితాయి దుర్గాపూర్‌లో తలుపులు చేస్తున్నాడు. "వడ్రంగం కూడా మన కులం పనే కదా నాన్నా" అంటాడు. కొడుకని ఊరుకున్నాను. తలుపుకి ఎవడు దండం పెడతాడు?

ఊరికే నీకు ఉత్తరం గీసేవాణ్ణి కాను, నీకు తెలుసు. మన ఇంట్లో పటం రాస్తాం, ఉత్తరం గీస్తాం. ఈ అక్షరాలు గీసేసరికి వినాయకుడి తొండం రాసినంత పొద్దు పోతుంది నాకు.

పని ఏమిటంటే చింతగింజల జిగురు. మీ పెద్దమ్మ ఉండగా నువ్వూ ఆవిడా కాచేవాళ్ళు. ఇప్పుడు కోడలు కాస్తోంది. ఒకసారి గంజి, ఒకసారి రాయి. రంగు పెచ్చులు లేస్తోంది. గింజలు ఎన్ని, నీళ్ళు ఎన్ని, ఎంతసేపు, గీసి పంపు. కోడలు చదువుతుంది.

ఇంకోటి. రాయ్ గారింటి రెండో బాబు కలకత్తా నుంచి వచ్చేశాడు. వాళ్ళ దుర్గ మండపం పెత్తనం ఇప్పుడు అతనిదే. "భవతారణ్ బాబాయ్, గుడ్డమీద దేవి ఇంకా ఎన్నాళ్ళు? ఈసారి మట్టి విగ్రహం తెప్పిద్దాం. వెనకవైపు కూడా ఉంటుంది" అన్నాడు. "దేవిని వెనక నుంచి చూసి నువ్వేం చేస్తావు బాబూ?" అన్నాను. పూజారికి దగ్గు వచ్చింది.

వాళ్ళ ముత్తాతల నాటి నుంచి ఆ మండపంలో పటమే. ఒక్క ఏడు మట్టి ఎక్కిందంటే ఇక పటం ఎక్కదు. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

పోయినేటి పటం తెచ్చి పక్కన నిలబెట్టాను. దాన్ని చూస్తూ కొత్తది రాయాలి, కొత్తది మండపం ఎక్కాక దశమి నాడు పాతదాన్ని నీళ్ళలో వదలాలి. మా నాన్నా అంతే, వాళ్ళ నాన్నా అంతే.

పనస కాసింది. రెండు కాయలు నక్క తిన్నది.

పెదనాన్న

&nbsp;

శ్రీరాంపూర్,
8 జులై 1979

పెదనాన్నకి పుంటి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషమైందో! మీ అల్లుడు మాత్రం "ఇది ఉత్తరమా, పొలం సరిహద్దుల పటమా?" అన్నారు. స్కూల్లో పిల్లల దస్తూరి దిద్దీ దిద్దీ ఆయనకి అదొక జబ్బు. ఈ ఊళ్ళో అందరూ నన్ను నిభా అంటారు. చేపపిల్ల పేరు పెట్టి పిలిచేవాడివి నువ్వొక్కడివే మిగిలావు.

జిగురు సంగతి. గింజలు రెండు దోసిళ్ళు, వేయించి పొట్టు తీయాలి. ఒక రాత్రి నానాలి. మెత్తగా రుబ్బి, ఒకటికి ఎనిమిది నీళ్ళు పోసి సన్నని మంట మీద పెట్టాలి. కలుపుతూనే ఉండాలి. పెద్దమ్మ ఎలా చూసేదంటే, గరిటె ఎత్తితే తీగ సాగి తెగిపోయే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణం వదినకి ఉత్తరంలో చెప్పలేను. రెండు సార్లు పాడైతే మూడోసారి తనకే తెలుస్తుంది. తిట్టకు.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నీ వరసలు పైకి ఎక్కుతున్నాయి. మొదటి వరస తిన్నగా మొదలై చివరికి తపాలా బిళ్ళ దగ్గరికి వెళ్ళింది. అక్షరాలు ఒక్కొక్కటీ వంకాయంత ఉన్నాయి. నీ కళ్ళు ఎలా ఉన్నాయి పెదనాన్నా? మా అత్తగారి పాత కళ్ళజోడు ఒకటి ఉంది. నితాయి అన్నయ్య ఈ నెల ఇటు వస్తాడట, అతని చేతికి ఇస్తాను. పెట్టుకుని చూడు.

పుంటి

&nbsp;

శ్రీ దుర్గ తోడు

కులడాంగ,
శ్రావణం 4

పుంటికి,

జిగురు కుదిరింది. మూడోసారికే.

కళ్ళజోడు తిప్పి పంపుతున్నాను. మేకకి పెట్టి చూశాను, దానికీ నచ్చలేదు. నా కళ్ళ జోలికి రాకు. మీ అత్తగారు ఆ అద్దాల్లోంచి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుందేమో, నేను దేవిని రాసేవాణ్ణి.

పని సాగుతోంది. లక్ష్మి అయింది, సరస్వతి అయింది. సరస్వతికి మీసం వచ్చిందని నితాయి పెళ్ళాం ఎవరితోనో అన్నదట. అది మీసం కాదు, మసి ఒలికింది. తుడిచాను. నీ దాకా వస్తే నమ్మకు.

మహిషాసురుడి ముఖం ఈ ఏడు ఎవరిదో చెప్పనా? నీకు గుర్తుందిగా, వాడికి ఏటేటా ఒక ముఖం ఇస్తాం. మన పొలం గట్టు జరిపిన పాల్ గాడి ముఖం ఒక ఏడు పెట్టాను, మా నాన్న అయితే ఏకంగా పోలీసు జమాదారుని పెట్టాడు. ఈ ఏడు రెండో బాబు. బంగారు పట్టీ గడియారంతో సహా. నిన్న అతను దారిలో కనబడితే అసురుడు గడియారం ఏ చేతికి పెట్టుకుంటాడు బాబూ అని అడిగాను. అప్పటినుంచి మన వీధిన రావడం లేదు.

ఎర్రటి ఇంగిలీకం ఈసారి బాగా లేదు. నూరినకొద్దీ మట్టిరంగులోకి పోతోంది. ఇచ్చినవాడు కల్తీ చేశాడు. పసుపు రంగుకి వాడే హరిదళం కూడా కల్తీయే. నీలిమందు కూడా.

వాన లేదు. నాట్లు ఆగాయి.

పెదనాన్న

&nbsp;

శ్రీరాంపూర్,
11 ఆగస్టు 1979

పెదనాన్నకి నమస్కారాలు.

రంగులన్నీ ఒకేసారి కల్తీ కావు పెదనాన్నా.

నితాయి అన్నయ్య కళ్ళజోడు తిరిగి ఇవ్వడానికి వచ్చి వెళ్ళాడు. అన్నీ చెప్పాడు. బోల్‌పూర్ డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలు అన్నాడట, అవి ముదిరాక శీతాకాలంలో కోయాలన్నాడట. నువ్వు "నా కళ్ళలో మామిడికాయలేమీ లేవు ముదరడానికి" అని లేచి వచ్చేశావట. కార్తికేయుడి నెమలికి నాలుగు కాళ్ళు వచ్చాయట. వదిన చెబితే రెండు చెరిపావట, అవి ఉండాల్సినవట. అన్నయ్య నవ్వుతూ మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

ఈ ఒక్క ఏడూ మట్టి విగ్రహం రానీ అని రాద్దామనుకున్నాను. నువ్వు చెప్పింది గుర్తొచ్చింది, ఒక్క ఏడు ఎక్కితే ఇక దిగదని. అందుకని అడుగుతున్నాను, నేను వస్తాను. నన్ను రాయనీ.

కళ్ళు రాస్తానని అడగను. ఆ సంగతి నేనేమీ మర్చిపోలేదు. నాకు పద్నాలుగేళ్ళు. నీకు జ్వరం, మర్నాడు దేవి మండపం ఎక్కాలి, ముఖం మీద కళ్ళు లేవు. నువ్వు ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే నేనే కూర్చుని రాశాను. పొద్దున్నే నువ్వు లేచి చూసి, "ఆడది రాసిన కళ్ళు దేవికి పనికిరావు" అని నన్ను బయటికి గెంటి తలుపేసుకున్నావు. లోపల తడిగుడ్డ పిండిన చప్పుడు వినిపించింది. ఆ సాయంత్రమే నన్ను మేనమామ ఇంటికి పంపేశావు. ఆ తర్వాత పండగలకి వచ్చినా మండపంలో దండం పెట్టానే కానీ తల ఎత్తి ఆ ముఖం చూడలేదు. కుంచె కూడా పట్టలేదు.

ఇది నిన్ను నొప్పించడానికి కాదు. కళ్ళు నితాయి అన్నయ్య రాస్తాడు, లేదా పూజారి రాస్తాడు, ఎవరైనా మగవాళ్ళే రాస్తారు. మిగతాదంతా నేను చేస్తాను. ఏమంటావు?

పుంటి

&nbsp;

(కార్డు)

కులడాంగ, భాద్రపదం 6

పుంటికి,

దేవికి కళ్ళు లేవు. నాకూ లేవు. నితాయి చెయ్యి తలుపులకే. పటం సంగతి తేల్చమని రెండో బాబు విశ్వకర్మ పూజ దాకా గడువిచ్చాడు. ఆ తర్వాత మట్టికి బయానా ఇస్తాడట.

నువ్వు రాసినవి చాలు.

పెదనాన్న

&nbsp;

శ్రీరాంపూర్,
30 ఆగస్టు 1979

పెదనాన్నగారికి,

మీ కార్డు అందింది. నేను రాసినవి చాలన్నారు. ఇన్ని ఉత్తరాలు రాసి మిమ్మల్ని విసిగించి ఉంటాను. పాత సంగతి ఎత్తడం నాదే తప్పు. ఎత్తకుండా ఉంటే సహాయానికైనా రమ్మనేవారేమో.

ఇక రాయను. చలికాలంలో ఆపరేషన్ మాత్రం చేయించుకోండి. అన్నయ్య చేత కబురు చేయిస్తే మీ అల్లుడు వచ్చి దగ్గరుంటారు.

వదినకి ఒక చీర పంపుతున్నాను. పండక్కి.

ఇట్లు,
నిభాననీ దేవి

&nbsp;

శ్రీ దుర్గ తోడు

కులడాంగ,
భాద్రపదం 20

పుంటికి,

కోడలు నీ ఉత్తరం చదివింది. 'మీరు' అని చదువుతుంటే, తపాలా వాడు వేరే ఇంటిది మనింట్లో పడేశాడు, తిరిగి ఇచ్చెయ్యి అన్నాను. చివర్న పేరు చదివితే అప్పుడు తెలిసింది. నిభాననీ దేవి ఎవరు? ఆ పేరు పెట్టింది నేనే, పిలవడానికి కాదు, పెళ్ళి శుభలేఖలో అచ్చు వేయించడానికి.

బుర్ర ఉందా నీకు? ఉత్తరాలు చాలు అనేవాణ్ణయితే, గీసినవి చాలు అననా? ఉత్తరం రాయడమేమిటి? పట్నంలో ఇరవై ఏళ్ళు పంతులుతో కాపురం చేసి మన ఇంటి మాట మర్చిపోయావు. ఈ ఇంట్లో రాసేది ఒక్కటే.

నువ్వు రాసినవి అంటే కళ్ళు.

ఇప్పుడు చెబుతాను, ఒక్కసారే చెబుతాను. వెదురు పుల్ల అడ్డం పెట్టుకుని, వేలితో వరస తడుముకుంటూ గీస్తున్నాను. చదవలేకపోతే అల్లుడి చేత చదివించుకో. సిగ్గు నాకు లేదు.

ఆ రోజు పొద్దున్న నిన్ను గెంటి తలుపేశాను. నిజం. గుడ్డ తడిపి పిండాను. నిజం. పటం ముందుకి వెళ్ళాను. తుడుద్దామని చెయ్యి ఎత్తాను. ఆవిడ నన్ను చూస్తోంది. అప్పటికి ఇరవై ఆరు పటాలు రాశాను నేను. ఏ ఒక్క దానిలోనూ ఆవిడ నన్ను చూడలేదు. జనాన్ని చూసేది, రాయ్ గారిని చూసేది, గోడని చూసేది. నేను రాస్తే అంతే వచ్చేది. ఆ పొద్దున్న నన్ను చూసింది.

గుడ్డతో నా ముఖం తుడుచుకున్నాను. జ్వరం ఇంకా ఉంది.

కళ్ళు అలాగే మండపం ఎక్కాయి. ఇప్పుడు రాయ్ గారింట్లో అందరూ పెద్దమ్మగారు అనే ఆవిడ అప్పుడు పడుచు కోడలు. దండం పెట్టి, "భవతారణ్, ఈ ఏడు అమ్మవారు మనింటికి నిజంగా వచ్చినట్టుంది" అంది. నేను తల ఊపాను. నావి కాదు అనలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల రాసిందని ఊళ్ళో తెలిస్తే భవతారణ్ సూత్రధర్ ఏమైపోవాలి? అందుకే నిన్ను సాయంత్రం బండెక్కించాను. నువ్వు మండపానికి వస్తే చూస్తావు.

మరుసటేడు ఆ పటం పక్కన పెట్టుకుని కొత్తది రాశాను. ఆ కళ్ళు చూసి ఈ కళ్ళు. దాన్ని చూసి ఆ తర్వాతది. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరు దండం పెడుతున్నది నీ కళ్ళకే. నేను నకలు దింపేవాణ్ణి. ఇప్పుడు నకలుకి కూడా చూపు ఆనడం లేదు.

చాలు అన్నానంటే అదీ. అవి సరిపోతాయి, వచ్చి మళ్ళీ రాయి అని. కార్డులో చోటు ఎంత ఉంటుంది?

విశ్వకర్మ పూజ లోపు రా. షాపు రంగుల డబ్బా తెచ్చావంటే గుమ్మంలోనే ఆపేస్తాను. కళ్ళజోడు తేకు. కోడలు తాటిపండు వడలు చేసింది, నీకని ఎత్తిపెట్టింది. ఆలస్యం చేస్తే చీమలు తింటాయి.

పెదనాన్న

&nbsp;

శ్రీరాంపూర్,
11 సెప్టెంబర్ 1979

పెదనాన్నా,

గురువారం పొద్దుటి బండికి వస్తున్నాను. పిల్లల్ని మీ అల్లుడు చూసుకుంటారు. నీ ఉత్తరం ఆయన చేతే చదివించాను. దస్తూరి గురించి ఏమీ అనలేదు.

పుంటి

&nbsp;

శ్రీరాంపూర్,
25 సెప్టెంబర్ 1979

పెదనాన్నకి పుంటి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. గోళ్ళలో ఇంగిలీకం ఇంకా వదల్లేదు. చేపలవాడు "అమ్మా, మీరే కోసుకున్నారా చేపని?" అన్నాడు. పండక్కి ఉండకుండా వచ్చేశానని వదిన అలిగినట్టుంది. ఇక్కడ మా అత్తగారింటి పూజ, నేను లేకపోతే పొయ్యి వెలగదు, చెప్పు తనకి.

తొమ్మిది రోజులూ నువ్వు వెనక కూర్చుని తిడుతూనే ఉన్నావు. గోడవైపు తిరిగి కూర్చుని సింహం జూలు సరిగా లేదన్నావు చూడు, అక్కడ నాకు నవ్వు ఆగలేదు. కుంచె గీకిన చప్పుడు విని చెప్పానన్నావు. జూలు నిజంగానే సరిగా లేదు.

నీతో అనలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మొదటి రోజు నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు పాత పటం ముందు నిలబడి తల ఎత్తి చూశాను. ఇరవై ఒక్క సార్లు నకలు దిగేసరికి ఎడమ కన్ను ఒక బియ్యపు గింజంత పక్కకి జరిగింది. కానీ అవే. మహాలయ అమావాస్య నాడు కళ్ళు రాసినప్పుడు దాన్ని తెచ్చి మళ్ళీ చోట్లో పెట్టాను.

ఇంకో పని కూడా చేశాను, అది చెప్పను. రెండో బాబు ముఖం పెట్టమని నువ్వు పదిసార్లు అన్నావు. సరే సరే అన్నాను. వదినకి కూడా నోరు విప్పొద్దని ఒట్టు పెట్టించాను. పటం మండపం ఎక్కాక జనం ఏమన్నారో నాకు రాయి.

రాయి కాదు, గీయి.

పుంటి

&nbsp;

శ్రీ దుర్గ తోడు

కులడాంగ,
ఆశ్వయుజం 16

పుంటికి,

విజయదశమి ఆశీర్వాదం. అందరికీ. అల్లుడికి కూడా. కొబ్బరి ఉండలు నితాయి చేత పంపుతున్నాను, లెక్క చూసుకో, దారిలో తింటాడు.

షష్ఠి నాడు పటం ఎక్కింది. నేను ఎప్పట్లాగే పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. తెర తీశారు. ముందు గాజుల చప్పుడైంది, దండాలు పెడుతున్నారు. అది మంచిదే. తర్వాత ఎవరో ఆడపిల్ల కిసుక్కుమంది. తర్వాత ఇంకొకరు. తర్వాత మండపమంతా నవ్వు. నెమలి కాళ్ళు మళ్ళీ తప్పాయేమో అనుకున్నాను. "ఏమిటి?" అన్నాను. ఎవరూ చెప్పరు. రెండో బాబు అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. తనది కాకపోతే అసురుడి ముఖం అంత ముద్దొస్తుంది కాబోలు.

చివరికి పెద్దమ్మగారు చెప్పింది. "భవతారణ్, అసురుడివి నువ్వేనయ్యా. అదే మీసం, అదే ముక్కు. చెవికి గంటు కూడా ఉంది."

నాకు కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. నలభై తొమ్మిది ఏళ్ళు ఆవిడని మండపం ఎక్కించినవాణ్ణి పుంటి ఆవిడ కాళ్ళ కింద పడేసిందే అనుకున్నాను. పగ తీర్చుకుంది, గుడ్డ చప్పుడుకి బదులు ఇది అనుకున్నాను. పెద్దమ్మగారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఇంకా వినవయ్యా. ఈ పటంలో లక్ష్మి జనాన్ని చూస్తోంది, సరస్వతి వీణని చూస్తోంది, సింహం అసురుణ్ణి చూస్తోంది. అమ్మవారి కళ్ళలోకి తిన్నగా చూస్తున్నది నువ్వొక్కడివే" అంది.

హారతి అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

రెండో బాబు మట్టి మాట ఎత్తలేదు. వచ్చే ఏడు అసురుడు ఎవరు బాబాయ్ అని అడుగుతున్నాడు, ఊరంతా పందాలు కాస్తున్నారు.

దశమి నాడు పాతది నీళ్ళలో వదిలాం. కొత్తది ఇంటికి తెచ్చి, ఎప్పుడూ పెట్టే చోట గోడకి ఆనించాం. మండపంలో ఉన్నన్నాళ్ళూ ముట్టకూడదు, ఇంట్లో ముట్టవచ్చు. రంగు కింద సుద్ద గీత కాస్త లేచి ఉంటుంది కాబట్టి వేలికి అందింది. ముక్కు సరిగానే ఉంది. మీసం కొంచెం ఎక్కువ పెట్టావు. చెవి దగ్గర ఆగాను.

తప్పు రాశావు. నాన్న ఉలి జారి తెగింది నా కుడి చెవి. నువ్వు ఎడమ చెవికి గంటు పెట్టావు. అసురుడు దేవి వైపు తిరిగి ఉన్నాడు, ఎడమ చెవి ఒక్కటే కనిపిస్తుంది, పుంటి మాత్రం ఏం చేస్తుంది అని కోడలు నీ తరఫున మాట్లాడింది. తల ఇటు తిప్పి రాస్తే కుడి చెవి వస్తుంది కదా అన్నాను.

తర్వాత ఆలోచించాను. తల ఇటు తిప్పితే వాడు ఆవిడ కళ్ళు చూడడు.

తిప్పకు. పుష్యంలో కళ్ళు కోయించుకుంటాను, డాక్టరుకి కబురు చేశాను. నేను చూసేటప్పటికి కూడా ఆ తప్పు చెవే ఉండాలి. వచ్చే రథయాత్రకి నువ్వు వచ్చి దీన్ని పక్కన పెట్టుకుని, గంటుతో సహా, ఉన్నది ఉన్నట్టు రాయి.

పెదనాన్న